సొంత మైదానంలో డెవ్లిన్

“ఈ కుర్రాణ్ణి ఆడించడం దేనికి? హాట్‌డాగులమ్మేవాడు ఇంతకంటే నయం!” గ్యాలరీలో వర్జిల్ గొంతు చించుకున్నాడు. వేలమంది వంత పాడారు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో సొంత జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్ డెవ్లిన్, ఆట మొదలుపెట్టే సంకేతం అరిచాడు. అతని జట్టులోని ముందు వరుసవాడు సంకేతం పూర్తికాకుండానే కదిలాడు. రిఫరీ ఈల వేశాడు. అది వరుసగా మూడో తప్పు.

“ఇంకొక్కటి జరిగితే పిల్లాణ్ణి తీసేస్తారు,” అంది వర్జిల్ పక్కనే కూర్చున్న అతని భార్య లొరెట్టా.

“తియ్యనీ! వాడి మాట మనవాళ్లకే అర్థం కావట్లేదు.”

“అర్థం కాక కాదయ్యా, వినపడక. అవతలివాళ్ల చేతిలో బంతి ఉన్నప్పుడు అరవాలి, మనవాళ్ల చేతిలో ఉన్నప్పుడు నోరు మూసుకోవాలి. నలభై ఏళ్లుగా వస్తున్నావు, నీకు నేను చెప్పాలా?”

వర్జిల్ ముఖం పాలిపోయింది. డెవ్లిన్ మళ్లీ సంకేతానికి సిద్ధమవుతున్నాడు. వర్జిల్ ఒక్క ఉదుటున బెంచీ ఎక్కాడు.

“నోళ్లు ముయ్యండ్రా! పిల్లాడి మాట విననివ్వండి!”

తప్పు తెలిసివచ్చిన వేల గొంతులు ఆ కేకనే అందుకున్నాయి. ముందు వరుసవాడు మళ్లీ తొందరపడ్డాడు. ఈల మోగింది.

డెవ్లిన్ హెల్మెట్ తీసి బయటికి నడిచాడు.