వాలు మీద ఇద్దరు

హూడిలోని ఫ్లాట్‌లో రాచెల్ ఫోన్ చెవికి ఆనించుకుని వింటోంది. అక్కడ హిమాలయాల్లో ఆమె తమ్ముడు జోనా మంచు వాలు దాటుతున్నాడు. ఎండ తగిలితే మంచు వదులవుతుందని అందరూ చీకటితోనే బయల్దేరారు. ఒక్కొక్కరే దాటాలి, ఇద్దరి బరువు పడితే వాలంతా విరిగి జారిపోతుంది. ముగ్గురు దాటేశారు. జోనాయే ఆఖరు.

అతని బూట్ల కరకరకు ఇంకో కరకర తోడైంది.

“నీ వెనకాల ఎవరప్పా?”

“ఎవరుంటారక్కా? బావ సోంబేరి, జ్వరమని ఇంట్లోనే పడుకోనుండాడు కదా!”

నవ్వుతూ జోనా ఆగాడు. రెండో చప్పుడు ఆగలేదు.

రాచెల్ పక్కగదిలోకి తొంగిచూసింది. భర్త ఐజాక్ దుప్పటి కప్పుకుని గురక పెడుతున్నాడు.

“అక్కా,” ఫోన్‌లో జోనా అన్నాడు. “బావ వస్తుండాడు.”

“దగ్గరికి రావద్దను!” రాచెల్ అరిచింది.

జోనా వెనకాలి అడుగులు పరుగందుకున్నాయి.