ఆరు బన్నుల ఓవెన్

"ఈ బొమ్మ పెట్టెలో వండుకుని బతికేద్దామనేటి?" అన్నాడు శివరామకృష్ణ, గుమ్మంలోనే నిలబడి.

నీలిమ మొగుడు వాడు. పెళ్లాన్ని తీసుకుపోతానని ఉక్కునగరం నుంచి భీమిలి దాకా వచ్చాడు.

చిట్టెమ్మ తలెత్తలేదు. బల్ల మీది చిన్న ఓవెన్ తలుపు తీసి, ట్రేని వెనకది ముందుకి తిప్పి పెట్టింది. తిప్పకపోతే వెనక వరస బన్నులు మాడిపోతాయి, ముందు వరస పచ్చిగా ఉండిపోతాయి. ఒళ్లు మండుతున్నా ఆ పని మాత్రం నెమ్మదిగానే చేసింది.

అందులో వాయికి ఆరు బన్నులే. పెద్ద కేకు గిన్నె పట్టదు. పై కడ్డీ సెగకి కేకు నెత్తి నల్లబడకుండా రేకు కాగితం కప్పాలి. అయినా బస్టాండు దగ్గర టీ కొట్లవాళ్లు ఇప్పుడు నీలిమ బన్నులే కావాలంటున్నారు. పెద్ద కేకు అడిగినవాళ్లకి అరచేతంత కేకులు చేసి ఇస్తోంది. పిల్లల పుట్టినరోజులకి తలా ఒకటీ పంచొచ్చని అవే ఎక్కువ పట్టుకెళ్తున్నారు.

"క్వార్టర్లో పెద్ద ఓవెన్ ఖాళీగా పడుంది. ఒక్కసారికే నాలుగు కేకులవుతాయి. నీ కోసమే కదా కొన్నాను? పద ఇంటికి," అన్నాడు నీలిమతో.

పిండి పిసుకుతున్న నీలిమ చేతులు ఆగిపోయాయి.

ఆ పెద్ద ఓవెన్ సంగతి చిట్టెమ్మకి బాగా తెలుసు. ఆర్డర్ల వంకతో ఎవడితోనో మాట్లాడుతోందని, ఫోను లాక్కుని, కాలుతున్న ఓవెన్ తలుపు తీసి, లోపలి ఊచలకి ఆ పిల్ల ముంజేతిని ఆనించి పట్టాడు వీడు. వాతలు ఇంకా పోలేదు. ఆ రోజే చిట్టెమ్మ నీలిమ రెక్క పట్టుకుని బయటికి నడిపించేసింది. వస్తూ వస్తూ అటక మీద పడున్న ఈ చిన్న ఓవెన్‌ని చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

"ఏ ఇంటికిరా?" అంది ఇప్పుడు.

"నువ్వు మధ్యలో రాకు. ఇది మొగుడూ పెళ్లాల గొడవ."

"సెయ్యి కాల్సినప్పుడు అది ఏ గొడవరా? సిగ్గుందేట్రా నీకు? మళ్లీ ఆ పొయ్యి దగ్గరికే రమ్మంతన్నావు!"

కేకలు విని ఇంటి ఓనరు వరహాలు భుజాన తువ్వాలుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఎంత కోపమొస్తే మట్టుకు, అల్లుణ్ని పట్టుకుని రా, పో అంటావేటప్పా? పిల్ల బతుకు కదా. సర్ది సెప్పి పంపీ."

ఆ మాటకి శివరామకృష్ణ పెదవి వంకరగా పెట్టి నవ్వాడు.

"నాను రాను," అంది నీలిమ. "ఆ ఓవెన్ నువ్వే ఉంచుకో. నాకిది సాలు."

"ఇదా?"

రెండంగల్లో లోపలికొచ్చాడు. వైరు పట్టి లాగాడు. చిన్న ఓవెన్ బల్ల మీంచి నేల మీద పడింది. అద్దం భళ్లున పగిలింది. బన్నులు గచ్చంతా దొర్లాయి. ఇంకా కసి తీరక నీలిమ మీదికి చెయ్యెత్తాడు.

చిట్టెమ్మ అడ్డం వచ్చి వాడి చెంప ఛెళ్లుమనిపించింది.

ఆ చేత్తోనే ఫోను తీసి పోలీసులకి కలిపింది.

"సెయ్, సెయ్! నా మీద కేసెడతావా నువ్వు?" అన్నాడు శివరామకృష్ణ చెంప రుద్దుకుంటూ. "నీకంత గుండె లేదు. నాకు తెల్దా?"

అవతల ఎవరో ఎత్తారు. చిట్టెమ్మ గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. వాడి పేరు చెప్పింది. ఏ కంపెనీ క్వార్టరో చెప్పింది. ఊచల వాతలు చెప్పింది. ఇప్పుడు ఇక్కడే, భీమిలిలో తన ఎదురుగా నిలబడున్నాడని చెప్పింది.

శివరామకృష్ణ మొహంలో నవ్వు పోయింది. గుమ్మం వైపు చూశాడు. వాతల సంగతి విన్న వరహాలు అక్కడ అడ్డంగా నిలబడ్డాడు.

"అతను మీకేమవుతాడమ్మా?" అని అడిగింది ఫోన్లో గొంతు.

"నా కడుపున పుట్టినోడే బాబూ, ఒక్కగానొక్క కొడుకు, బేగి రండి," అంది చిట్టెమ్మ.