డెబ్బై దగ్గర ముల్లు

"వేగం చూపే ముల్లు మీటరు పెట్టందే ఈ విమానం నేల వదలదు. అంతే!" అంది ఆర్డిస్, చేతిలోని రివెట్ల డబ్బా బల్ల మీద ఠక్కున పెట్టి.

లైల్ తల పట్టుకున్నాడు. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న విమానాల ఫీల్డులో, విమానం పెట్టుకునే షెడ్డు, హ్యాంగర్ ఒకటి అద్దెకు తీసుకుని, మొగుడూ పెళ్లామూ ఏడేళ్లుగా సొంత చేతులతో విమానం కట్టుకుంటున్నారు. రెక్కల్లో సగం రివెట్లు ఆమె కొట్టినవే. ఆమె మాట తీసిపారేయడానికి వీల్లేదు.

"మూడు నెలలు కళ్లు కాయలు కాసేలా వెతికి ఈ స్క్రీన్ ఏరుకున్నానే! వేగం, ఎత్తు, దిక్కు, ఇంజన్ వేడి, అన్నీ ఒక్క అద్దంలోనే. దాని పక్కన మా తాతల నాటి ముల్లు మీటరా? ఫీల్డంతా నవ్వుతుంది."

"ఆ అద్దం ఆరిపోతే? చెయ్యి బయటపెట్టి గాలి వేగం చూసుకుంటావా?"

"ఆరిపోదు."

"టీవీ కొన్నప్పుడూ ఇదే అన్నావు."

పక్క హ్యాంగర్ ముసలాయన నార్బర్ట్ డోనట్ నములుతూ కిసుక్కున నవ్వాడు. నలభై ఏళ్లలో మూడు విమానాలు కట్టినవాడాయన. "ఒప్పుకోవయ్యా లైల్. గాలితోనూ పెళ్లాంతోనూ వాదించి నెగ్గినవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు."

లైల్ చచ్చీచెడీ ఒప్పుకున్నాడు. "సరే, నీ మీటరు నువ్వే తెప్పించుకో. ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం. నేను మాత్రం దాని మొహం చూడను."

అన్నంత పనీ చేశాడు. మరుసటి శనివారానికల్లా స్క్రీన్‌కు ఎడమ పక్కన ఓ గుండ్రటి మీటరు వెలిసింది. లైల్ ఓరకంట చూసి, ముక్కు చిట్లించి, సీటు బెల్టు బిగించుకున్నాడు.

"ఇవాళ రన్‌వే మీద పరుగెత్తించడమే. ఎగరడాల్లేవు. విన్నావా?" ఆర్డిస్ వేలు చూపించి మరీ చెప్పింది.

"విన్నాలేవే."

వినడం వేరు, ఏడేళ్లు ఎదురుచూసిన చెయ్యి ఊరుకోవడం వేరు. రెండో పరుగులో కాస్త ఎక్కువే ఉరికించాడు. చక్రాల గడగడ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకాగిందా అని చూస్తే నేల కింద ఉంది, తను పైన ఉన్నాడు. మిగిలిన రన్‌వేలో ఆపడం కుదరదు. దాని చివర మొక్కజొన్న చేను. ఇక చేసేదేముంది, పైకే లేపాడు.

చెట్ల ఎత్తు దాటాడో లేదో స్క్రీన్ ఠప్పున ఆరిపోయింది.

లైల్ పై ప్రాణాలు పైనే పోయాయి. వేగం తగ్గితే విమానం రాయిలా పడుతుంది. ఎక్కువైతే దిగినా ఆగదు, నేరుగా చేలోకే. ఆ వేగమెంతో చెప్పాల్సిన అద్దం నల్లమొహం వేసుకుని కూర్చుంది. మీట నొక్కాడు, గుద్దాడు, బూతులు తిట్టాడు. లాభం లేకపోయింది. చివరికి, చూడనన్న మీటరు వైపే చూశాడు.

ముల్లు డెబ్బై దగ్గర ఉంది.

దిగడానికి కావలసింది సరిగ్గా డెబ్బై మైళ్ల వేగమే. లైల్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఫీల్డు చుట్టూ ఒక చుట్టు తిప్పి, ఇంజన్ తగ్గించి, ముక్కు దించాడు. మధ్యమధ్య మీటరు కేసి ఓ చూపు. ముల్లు అక్కడే ఉంది. ముల్లు చలించలేదంటే తను సరిగ్గానే నడుపుతున్నాడన్నమాట. ఆ ధైర్యంతోనే రన్‌వే మీదకు వచ్చాడు. చక్రాలు పిల్లి నడిచినంత మెత్తగా నేలను తాకాయి.

బతుకు జీవుడా అనుకుంటూ దిగేసరికి ఆర్డిస్ పరుగెత్తుకొచ్చింది. ముందు వీపు మీద రెండు వేసింది. తర్వాత కావిలించుకుని భోరుమంది.

"తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి," అన్నాడు లైల్, తనకూ కళ్లు తడవగా. "నువ్వు పంతం పట్టకపోతే నేనీపాటికి మొక్కజొన్న చేలో ఉందును. పైన స్క్రీన్ చచ్చిపోయిందే! నీ మీటరే నన్ను దించింది. ఏం మీటరే అది! ముల్లు డెబ్బై మీంచి వెంట్రుకవాసి కదిల్తే ఒట్టు!"

ఆర్డిస్ ఏడుపు టక్కున ఆగిపోయింది. నార్బర్ట్ వైపు చూసింది. ఆయన విమానంలోకి ఒకసారి తొంగి చూసి, తల గోక్కున్నాడు.

"లైల్," అంది ఆర్డిస్ నీరసంగా, "మీటరు మంగళవారం పోస్టులో వస్తుంది. అది ఎక్కడ పెడితే బాగా కనిపిస్తుందో చూద్దామని నేనంటించిన కాగితం బొమ్మ!"