తిరుగు టపాలో ఇటలీ బండి

“బాబాయ్, నీ బండి తెచ్చాను. తీసుకో,” అన్నాడు దొంగ.

దర్జీ తలెత్తలేదు. కత్తెర గుడ్డ మీద కరకరమని సాగిపోతూనే ఉంది. కొట్టు గుమ్మం అవతల మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎర్రటి ఇటలీ మోటారుసైకిలు నిగనిగలాడుతోంది. యాభై ఏళ్ళ నాటిది. ట్యాంకు కింద రెండు సిలిండర్లూ చెరో పక్కకీ దున్నపోతు కొమ్ముల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక దేశంలో టిఫిను తిని ఇంకో దేశంలో భోజనానికి దిగే షోకిలాల కోసం చేసిన బండి అది. దొంగ మాత్రం దాని మీద నాలుగు రోజులు తిరిగి ఊరి పొలిమేర కూడా దాటలేకపోయాడు.

“ఎవరి బండి?” అన్నాడు దర్జీ.

“నీదే. సోమవారం పొద్దున ఈ గుమ్మం ముందు నుంచి నేనే కొట్టేశాను.”

“నాకు బండే లేదు. పొరబడ్డట్టున్నావు. పక్క వీధిలో అడిగి చూడు.”

దొంగ కుంటుకుంటూ లోపలికొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఎడమకాలి బొటనవేలికి బత్తాయంత కట్టు. పదిహేనేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాడు. సైకిళ్ళు, స్కూటర్లు, ఒకసారి పీపాతో సహా నీళ్ళబండి. ఏదీ అతని పరువు ఇలా తీయలేదు.

“ఆ స్టాండేంటి బాబాయ్? బండిని అలా నిటారుగా ఎత్తానో లేదో, చటుక్కున దానంతటదే పైకి ముడుచుకుంది. రెండు క్వింటాళ్ళ ఇనుము నా వేలి మీదే పడింది.”

“దాని స్టాండుని నమ్మితే అంతే,” అన్నాడు దర్జీ. నోరు జారినట్టు తెలిసి నాలుక్కరుచుకున్నాడు. “అంటే, అలాంటి బళ్ళుంటాయని విన్నాను.”

“బ్రేకు తొక్కితే గేరు పడింది. తిన్నగా కూరగాయల దుకాణంలోకి పోయాను. సొరకాయల మధ్య తేలాను.”

“కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఆ కాలంలో వాళ్ళ పద్ధతి అది.” దర్జీ కళ్ళల్లో వద్దన్నా వెలుగొచ్చింది. “ఆగి ఉన్నప్పుడు యాక్సిలేటరు తిప్పితే కుడిపక్కకి ఒరిగిందా?”

“ఒరగడమా? పక్కన ఆగిన పాలవాణ్ణి భుజంతో పొడిచింది.”

“దాని తత్వమే అంత. మనసులో పెట్టుకోకూడదు.”

“అదీ పోనీ బాబాయ్. దొంగన్నవాడికి కావలసింది ఎవరి కంటా పడకపోవడం. దీనికి కావలసింది ఊరంతా చూడటం. ఎర్రలైటు దగ్గర ఆగితే చాలు, బెల్లం చుట్టూ ఈగల్లా పెద్దాళ్ళు మూగుతారు. ఏ సంవత్సరానిది నాయనా, ఎక్కడ దొరికింది నాయనా అని. ఎక్కడ దొరికిందని చెప్పను? ఒకాయన నన్ను పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. ఇంకో ముసలాయన ట్యాంకు నిమిరి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన్ని ఓదార్చి, ఇంటి దగ్గర దింపి, కోడలిచ్చిన మజ్జిగ తాగి వచ్చాను. ఇది దొంగతనమేనా?”

“విప్పి ముక్కలుగా అమ్మేయలేకపోయావా?”

“కొనేదెవరు? ఆ ముక్కలు తగిలించుకోడానికి ఊళ్ళో ఇంకో బండి ఉంటే కదా.” దొంగ కట్టు సవరించుకున్నాడు. “తప్పు నాదేలే. తాళంచెవి దానికే వేలాడుతోంది, ట్యాంకు నిండా పెట్రోలుంది, సీటు మీద దుమ్ము కూడా తుడిచి ఉంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.”

లోపలి గది తెర తొలగించుకుని దర్జీ భార్య వచ్చింది. వీధిలోకి చూసి అక్కడే ఆగిపోయింది.

“ఏమండీ, పీడ విరగడైందన్నారు కదా.”

“చూశావా?” అని దొంగ లేచాడు. “పిన్ని గుర్తుపట్టింది. ఇక తాళంచెవి పుచ్చుకో.”

దర్జీ చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. భార్య ముందుకొచ్చింది.

“చూడు బాబూ, నాలుగు రోజులుగా ఈ కొట్లోంచి పోయిన ఒక్క గుడ్డ మీదా గ్రీజు మరక లేదు. పోయిన నెల పెళ్ళికొడుకు తెల్లచొక్కా వీపు మీద ఈయన అయిదు వేళ్ళూ అచ్చు దిగాయి. పీటల మీద ఆ పిల్లాణ్ణి ఎవరో చరిచారనుకుని అటువాళ్ళూ ఇటువాళ్ళూ కొట్టుకున్నంత పని చేశారు. నీకు పుణ్యముంటుంది. ఇంకో నాలుగు రోజులు ఉంచుకో, అదే అలవాటవుతుంది.”

“నావల్ల కాదు పిన్నీ. దీని పక్కన నిలబడితే నా మొహం ఊరందరికీ గుర్తుండిపోతోంది. ఇక నా బతుకుదెరువేం కాను?”

“మరి నా బతుకుదెరువో?” అన్నాడు దర్జీ.

ఇద్దరి మధ్యా తాళంచెవి బల్ల మీద ఇటొకసారి అటొకసారి జరిగింది. మూడోసారి తన వైపుకి వచ్చేసరికి దొంగకి తిక్క రేగింది. దాన్ని పిడికిట్లో బిగించి గుమ్మం దాకా పోయాడు.

“సరే. మర్యాదగా చెబితే వినలేదు. తిన్నగా స్టేషనుకి పోతాను. ఇన్‌స్పెక్టరు ముందు బండి పెట్టి, నేనే దొంగనని ఒప్పుకుంటాను. నన్ను లోపలేస్తే వేశాడు, బండి మాత్రం చచ్చినట్టు నీ గుమ్మంలోకే వస్తుంది.”

దర్జీ బల్ల వెనక నుంచి ఇవతలికొచ్చాడు. దర్జీ భార్య దొంగ ఖాళీ చేసిన స్టూలు మీద కూర్చుండిపోయింది.

“అబ్బాయ్, ఆగు. అక్కడికి మాత్రం పోకు,” అన్నాడు దర్జీ.

“ఏం, భయమేస్తోందా?”

“నాకెందుకు భయం? ఎండనపడి ఉత్తపుణ్యానికి తిరుగుతావని చెబుతున్నా. నువ్వెంత మొత్తుకున్నా ఆయన కేసు రాసుకోడు.”

“ఎందుకు రాసుకోడు?”

దర్జీ వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఆరేళ్ళ కిందట నేను దీన్ని కొట్టేసింది ఆయన వాకిట్లోంచే. నాలుగో రోజు తిరిగిచ్చేద్దామని పోయి తలుపు తడితే, ఇన్‌స్పెక్టరు ఇంట్లో లేడని లోపల్నుంచి ఇన్‌స్పెక్టరే చెప్పాడు.”