రద్దయిన ఫైట్

“మన ఫైట్ ఎప్పుడు తమ్ముడూ?” అన్నాడు ఇమ్మానుయేలు.

సైదులు నవ్వాడు. సూర్యాపేట హెవీవెయిట్ కిక్‌బాక్సింగ్ పోటీల సెమీఫైనల్లో ఈ కోదాడ మనిషిని తలమీద తన్ని పడగొట్టి అరగంట కూడా కాలేదు.

“అయిపోయింది గదనే. నేను గెలిసిన.”

“పరాచికాలు ఆపి ఎప్పుడో చెప్పు.”

సైదులు అతని మొహంలోకి చూశాడు. ఒక కన్ను వాలిపోయింది. చెవిలోంచి సన్నగా నెత్తురు కారుతోంది.

“సార్, ఈయన్ని దవాఖానకు తోల్కపోవాలె!”

“వాళ్లోళ్లు సూసుకుంటరు. ఫైనల్‌కు నీ పేరు పిలుస్తున్నరు,” అన్నాడు కోచ్ జానయ్య గ్లవుజులు అందిస్తూ. “ఇది వదిలితే మళ్లా దామరచర్లల సిమెంటు మూటలే మోస్తవ్.”

సైదులు గ్లవుజులు అందుకోలేదు. ఇమ్మానుయేలును లేపి, పట్టుకుని నడిపించి, బయట ఆటో ఎక్కించాడు. వెనక మైకులో తన పేరు మళ్లీ వినిపించింది.

“ఎక్కడికి? ఫైట్ ఉందిగా?” ఇమ్మానుయేలు మాట ముద్దగా వచ్చింది.

“రద్దయిందన్నా.”

అతని మొహం వెలిగింది. “నిజంగానా? సుజాతకు ఫోన్ చెయ్యి. వద్దు వద్దని పొద్దున్నుంచి ఏడుస్తా ఉంది.”

అంటూనే ఇమ్మానుయేలు సైదులు భుజం మీదికి ఒరిగిపోయాడు.

సైదులు అతని ఫోన్ నుంచే కలిపాడు.

“ఏమండీ, ఫైట్ అయిందా?” అంది సుజాత.

“రద్దయిందక్కా,” అన్నాడు.

“ప్రభువా, నీకు స్తోత్రం!” అని ఆమె సంతోషంతో ఏడ్చేసింది.

ఆ గొంతు వినిపించాలని సైదులు ఫోన్‌ను ఇమ్మానుయేలు చెవికి ఆనించాడు. అతను పలకలేదు.