బుల్లమ్మ లాప్‌టాప్‌కి జ్వరం

"పాడైపోయిన సరుకు నా కూతురికి అంటగడతావేటి?" అంటూ గవరయ్య లాప్‌టాప్‌ని దుకాణం బల్ల మీద పెట్టాడు. కోపంగా విసిరి పెట్టాలనే అనుకున్నాడు. కానీ కూతురి వస్తువాయె, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడు.

పోర్ట్ బ్లెయిర్‌లోని ఆ కంప్యూటర్ దుకాణం సత్యారావుది. ఇలాంటి కోపాలు రోజూ చూసేవాడే. "కూర్చో మావయ్యా. ముందు ఏమైందో చెప్పు," అన్నాడు.

"ఏటయిందా? జొరం. మీద సెయ్యెడితే కాలిపోతంది."

వెనకాల నిలబడ్డ బుల్లమ్మ తండ్రి చొక్కా పట్టి లాగింది. "రుకో నాన్నా, నేను చెప్తాను. భయ్యా, ఆన్ చేసిన కాసేపటికే గరం అయిపోతంది. చార్జింగ్ నిండా పెట్టినా పాఠం ఒక్కటి అయ్యేలోగా బ్యాటరీ దిగిపోతంది. ప్లగ్గు తియ్యకుండా ఉంచినా అంతే, వేడికి దానంతటదే బంద్ అయిపోతంది. రేపు పొద్దున్న నా ఇంటర్వ్యూ."

హేవ్‌లాక్ దీవిలో ఓ చిన్న బడిలో టీచర్ ఉద్యోగం. వాళ్ళు రమ్మన్న రోజుకి ఓడ టిక్కెట్లు దొరకలేదు. సరే, వీడియోలోనే మాట్లాడతాం, తెర మీద ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. అది ఫోన్‌తో అయ్యే పని కాదు. గవరయ్య ఇంటావంటా బడికి వెళ్ళినవాళ్ళే తక్కువ. అలాంటిది ఈ పిల్ల బడిలో పాఠాలు చెప్పబోతోంది. అందుకే ఆయన ఆ పూట వేట మానేసి, తన చేపల పడవ డోంగీని ఒడ్డుకి లాగేసి, కూతుర్ని వెంటబెట్టుకుని తమ ఊరు వండూర్‌లో బస్సెక్కాడు. దారి పొడుగునా లాప్‌టాప్ ఆయన ఒళ్ళోనే ఉంది.

సత్యారావు దాన్ని ఆన్ చేసి కాసేపు ఏవేవో నొక్కాడు. మొహం ముడిచాడు. "బ్యాటరీ సగం చచ్చిపోయింది. కొత్తది చెన్నై నుంచి రావాలి."

"రేపటికి?" అంది బుల్లమ్మ.

"రాదు దీదీ. అయినా తప్పు బ్యాటరీది కాదు. లోపలి వేడే దాన్ని తినేసింది. ఆ వేడి ఎందుకో దొరికితే చాలు, ప్లగ్గు పెట్టుకుని రేపటికి గట్టెక్కెయ్యొచ్చు. దొరక్కపోతే మాత్రం నా వల్ల కాదు."

బుల్లమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గవరయ్య అది చూసి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"పరుపు మీద పెట్టి వాడతావా దీదీ?"

"లేదు భయ్యా, బల్ల మీదే."

"కిటికీ పక్కన, ఎండలో?"

"నాన్న పెట్టనివ్వడు."

"పోనీ, దుమ్ము?"

గవరయ్యకి పౌరుషం వచ్చింది. "దుమ్మా? రోజూ మెత్తటి గుడ్డెట్టి తుడిసేది నానే. అది సదువుకుంటంటే పక్కన కూకుని, దానికీ దీనికీ కలిపి ఇసనకర్రతో ఇసురుతన్నాను. అడుగు దాన్ని."

"ఐసు కూడా పెట్టాడు భయ్యా," అంది బుల్లమ్మ, ఏడుపులోనే నవ్వొచ్చి. "చేపల పెట్టెలోంచి తీసి, సంచిలో కట్టి పక్కన పెట్టాడు. లాప్‌టాప్ చల్లబడలేదు గానీ, నా పుస్తకాలన్నీ చేపల కంపు."

"నవ్వు నవ్వు. రేపు పాఠం మద్దిలో ఇది ఆగిపోతే అప్పుడు తెలుస్తాది," అన్నాడు గవరయ్య.

అనేశాక ఆయనకే మనసు చివుక్కుమంది. గొంతు తగ్గించి సత్యారావు చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, నా కోపానికేటి, పట్టించుకోకు. పిల్ల బెంగెట్టేసుకుంది, పొద్దున్న తిండి కూడా తిన్నేదు. ఎలాగోలా సూడు. దీనికి ఉజ్జోగం రావాలి, నాను సూడాలి."

ఆ మాటకి సత్యారావు మెత్తబడిపోయాడు. వచ్చిన మరో బేరాన్ని కాసేపాగి రమ్మన్నాడు. స్క్రూడ్రైవర్ అందుకుని, విప్పి చూద్దామని లాప్‌టాప్‌ని బోర్లా తిప్పాడు.

తిప్పినవాడు తిప్పినట్టే ఉండిపోయాడు. లైటు దగ్గరకి లాక్కుని చూశాడు. అడుగంతా వేలితో తడిమాడు. వాసన కూడా చూశాడు.

"ఏమైంది భయ్యా?" అంది బుల్లమ్మ కంగారుగా.

"లోపలి వేడి బయటికి పోవడానికి అడుగున వరసగా చిన్న చిన్న చిల్లులుంటాయి దీదీ. ఇదే రకం నేను ఎన్నో అమ్మాను, అన్నిటికీ ఉన్నాయి. దీనికి చూడు, ఒక్కటంటే ఒక్కటి లేదు. అంతా నున్నగా ఉంది. నేనిచ్చినప్పుడు కూడా ఇలాగే ఉందా?"

బుల్లమ్మ ఏనాడూ దాన్ని బోర్లా తిప్పి చూసిన పాపాన పోలేదు. తెల్లబోయి తండ్రి వంక చూసింది.

దుకాణంలో అడుగుపెట్టాక మొదటిసారి గవరయ్య మొహం విప్పారింది. కూతురి తల నిమిరాడు.

"ఎందుకు నేవు, బోలెడున్నాయి. అడుగున అన్ని చిల్లులున్నదాన్ని నువ్వమ్మీసినా, రేపో మాపో ఓడెక్కి ఉజ్జోగానికెల్లే పిల్ల కదా, నీళ్ళు దూరిపోతాయని, మా డోంగీకి పూసే గుగ్గిలం కాసి నానే ఒక్కొక్కటీ మూసీసినాను."