కుర్చీలు మారితే

రాజమండ్రిలో కౌన్సెలింగ్ చేసే మేడమ్ భార్యాభర్తల్ని కుర్చీలు మారి కూర్చోమన్నారు.

"జానకి గారూ, ఇప్పుడు మీరు రాజు గారిలా మాట్లాడాలండి. ఆయనేమో మీలా జవాబు చెప్పాలి. రొయ్యల చెరువు మీంచి ఇంటికొచ్చినట్టు మొదలెట్టండి."

ఇవాళ్టితో తన పరువు పోయినట్టే అనుకున్నాడు ఆంజనేయరాజు.

జానకీదేవి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుంది. "రొయ్యలు మేత తిన్నాయా? మేత ట్రే ఎత్తి చూశావా? అయ్యో, ఎందుకు మిగిల్చాయిరా?"

అచ్చం తన గొంతే. అతనికి నవ్వొచ్చింది.

ఆమె ఫోన్ దించి అతని వైపు తిరిగింది. "నువ్వు తిన్నావా జానకీ?"

ఆ మాట అతనెప్పుడూ అడిగి ఎరగడు. జానకిలా జవాబు చెప్పాలి. కానీ తను పడుకున్నాక ఆమె ఎప్పుడు తింటుందో, అసలు తింటుందో లేదో అతనికి తెలీదు.

మేడమ్‌కు ముచ్చటేసింది. "ఇంట్లో కూడా రాజు గారు ఇలాగే అడుగుతారాండి?"

ఆంజనేయరాజు తల దించుకున్నాడు.

"రోజూ అడుగుతారండి," అంది జానకీదేవి, ఈసారి తన సొంత గొంతుతో.

అతను ఆమె కుర్చీలోంచి లేవలేకపోయాడు.